రాగం తియ్యి అన్నాను

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు నా దగ్గరికి వచ్చినప్పుడు మొదట అడిగేది ఒకటే. ఏ రాగానికి ఏ జబ్బు తగ్గుతుంది మేడమ్, అని. పట్టిక రాసిస్తే గోడకు తగిలించుకుంటాం అన్నట్టు అడుగుతారు. ఇరవై ఆరేళ్ళు మ్యూజిక్ థెరపిస్టుగా చేసి రిటైరయ్యాను కాబట్టి ఆ పట్టిక నా దగ్గర ఉంటుందని వాళ్ళ నమ్మకం. నా దగ్గర లేదు. నేను చూసినంతలో ఏ రాగానికీ ఏ జబ్బూ తగ్గలేదు. బాధలో ఉన్న మనిషి పక్కన ఇంకో మనిషి కూర్చుని, ఇద్దరి మధ్యా ఓ పాట ఉంటే, కొన్నిసార్లు కొంత తేలికవుతుంది. కొన్నిసార్లు బరువు పెరుగుతుంది. ఈ రెండో మాట కాలేజీలో గట్టిగా చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది గుడివాడ. అక్కడే ఒక స్కూల్లో సంగీతం టీచరుగా చేసేదాన్ని. ముప్పై దాటాక చెన్నై వెళ్ళి ఈ కోర్సు చదివి, బందరులో ఒక ఆస్పత్రి మానసిక వైద్య విభాగంలో చేరాను. నాకిచ్చిన గదికి అంతకు ముందు పాత మంచాలు పడేసే గది అని పేరు. ఒక శ్రుతి పెట్టె, రెండు కంజిరలు, ఒక చాప. మొదటి ఏడాది వార్డు బాయ్‌లు నన్ను 'భజన మేడమ్' అనేవాళ్ళు. అనుకోనీలే అని ఊరుకున్నాను.

వరస

నా మీద అధికారి ఒక సైకియాట్రిస్టు. పేరు రాయను, డాక్టరు గారు అంటాను. కోపిష్టి, పనిమంతుడు. ఆయన దగ్గర నేర్చుకున్నది ఎంతో, ఆయన వల్ల చెడింది కూడా కొంత ఉంది. రెండూ చెబుతాను.

చెన్నైలో మాకు హద్దుల గురించి ఒక పాఠం ఉండేది. పేషెంటుని ముట్టుకోకూడదు, కానుక తీసుకోకూడదు, వాళ్ళ ఇంట్లో మనిషిలా మెలగకూడదు. ఆ పుస్తకం రాసినవాళ్ళ దేశంలో మనుషులు ఒకళ్ళనొకళ్ళు పేరు పెట్టి పిలుచుకుంటారు. మన దగ్గర ఆటో ఎక్కితే డ్రైవరు బాబాయి, కూరలమ్మే ఆవిడ పిన్ని. హద్దు ఎక్కడ గీయాలో ఆ పుస్తకంలో దొరకదు. డాక్టరు గారు మొదటి వారంలోనే దాన్ని మన భాషలోకి మార్చి చెప్పారు.

"వాళ్ళు నిన్ను అక్కా అంటారు, అత్తా అంటారు. పిలవనీ అమ్మా. నువ్వు మాత్రం తిరిగి వరస కలపకు. కలిపావంటే ఆ వరసకి తగ్గ పనులన్నీ చెయ్యాలి. పెళ్ళికెళ్ళాలి, చావుకెళ్ళాలి, అలిగితే బతిమాలాలి. చెయ్యగలవా?"

చెయ్యలేనండీ అన్నాను. ఇంత చక్కగా ఈ సంగతి చెప్పినవాళ్ళని ఆ తర్వాత నేను చూడలేదు.

పెడన చీర

నా మొదటి తప్పు హద్దుకి ఇవతల ఉండిపోవడం. పెడన నుంచి సుబ్బారావు గారని ఒక అద్దకం పనివాడు వచ్చేవాడు. చెక్క అచ్చు రంగులో ముంచి గుడ్డ మీద పెట్టి పిడికిలితో గుద్దడం ఆయన పని. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. చేతికన్నా మనసు ఎక్కువ పడిపోయిందని మా దగ్గరికి పంపారు. నేను కంజిర మీద తాళం వేస్తే ఆయన బల్ల మీద గుద్దేవాడు. నాలుగు నెలలకి పిడికిలి బిగిసింది. వేళ్ళింకా రాలేదు.

ఒకరోజు భార్యతో కలిసి వచ్చి ఓ చీర నా ముందు పెట్టాడు. పిడికిలి బిగిశాక ఆయన గుద్దిన మొదటి చీర అది. అంచులో పువ్వులు కొన్ని పక్కకి జరిగి ఉన్నాయి. నేను పాఠం ప్రకారం, నవ్వుతూనే, ఇలాంటివి మేం తీసుకోకూడదండీ అన్నాను. భార్య మడత సర్దుకుంటూ అంది.

"చీర వద్దంటే మమ్మల్ని వద్దన్నట్టేనండీ."

ఆ తర్వాత వాళ్ళు రాలేదు. కబురు పెట్టినా రాలేదు. ఆయన వేళ్ళు అలాగే ఉండిపోయాయని తర్వాత తెలిసింది. డాక్టరు గారు నన్ను తిట్టారు. వరస కలపకు అన్నాను గానీ మొహాన తలుపెయ్యమన్నానా, అన్నారు. ఆ మాట నాకు బాగా నాటింది. ఈసారి ఎవరు ఏమిచ్చినా కాదనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. తప్పు దిద్దుకునే తొందరలో మనిషి రెండో వైపు పడతాడు. నేనూ అలాగే పడ్డాను.

నాంచారమ్మ

దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రానికి దగ్గర్లో ఒక పల్లె. వాయుగుండం వచ్చి వెళ్ళాక అక్కడి హైస్కూల్లో మా ఆస్పత్రి క్యాంపు పెట్టింది. డాక్టరు గారూ నేనూ అవనిగడ్డలో మకాం ఉండి రోజూ జీపులో వెళ్ళేవాళ్ళం. మొదటి రోజే ఆ ఊరి ఏఎన్ఎమ్ వచ్చి నన్ను ఒక ఇంటికి తీసుకెళ్ళింది.

ఆ ఇంటి కోడలు నాంచారమ్మ. పాతికేళ్ళు ఉంటాయేమో. ఆమె భర్త ఏడుకొండలు, మరో ఇద్దరూ వెళ్ళిన పడవ, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర తిరగబడింది. ఇద్దరు ఈదుకుంటూ ఒడ్డుకొచ్చారు. ఏడుకొండలు రాలేదు. అప్పటికి మూడు రోజులైంది. ఆ మూడు రోజులూ నాంచారమ్మ నోట మాట లేదు. అత్తగారు తిరుపతమ్మ బలవంతాన గంజి పోస్తే మింగుతోంది. ఊళ్ళో మగవాళ్ళు వేట మానుకుని రెండు పడవల్లో మడ అడవుల్లోని పాయలన్నీ రోజూ వెతుకుతున్నారు.

తిరుపతమ్మ నాకు అరుగు మీద చాప వేసి, కూర్చోకముందే ఒక మాట చెప్పింది.

"మా ఇంట్లో ఎవురూ ఏడవకూడదమ్మా. ఉప్పెనప్పుడు మా అన్న పోయాడని ఏడ్చేశాం. నాలుగోనాడు వచ్చాడు. వచ్చినోడు మళ్ళీ మనిషి కాలేదు. నన్ను మీరు సంపేశారుగా అనేవోడు. ఏడ్చేత్తే ఇక వెతకరమ్మా."

అంత స్పష్టంగా చెప్పింది. నేను తల ఊపి, ఆ రోజు ఫైల్లో 'కుటుంబం నిజాన్ని ఒప్పుకోవడం లేదు' అని రాసుకున్నాను. ఒక ముసలమ్మ ఆ ఇంటి నియమం చెబితే దాన్ని నేను జబ్బు లక్షణంగా రాసుకున్నాను. పిల్లలూ, ఈ రాతలో మీరు ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి.

రెండో రోజు శ్రుతి పెట్టె మోగిస్తూ ఊరికే కూర్చున్నాను. మూడో రోజు చిన్నగా కూనిరాగం తీశాను. నాంచారమ్మ తల తిప్పి నా వైపు చూసింది. కాసేపటికి పెదవులు కదిలాయి.

"వదినా" అంది.

ఐదు రోజుల తర్వాత ఆమె పలికిన మొదటి మాట అది. నాకు ఒళ్ళంతా పులకరించింది. డాక్టరు గారి పాఠం గుర్తు రాకపోలేదు. వచ్చింది. దాంతోపాటు పెడన చీరా గుర్తొచ్చింది.

"ఏం వదినా, చెప్పు" అన్నాను.

"నాకు వదిన లేదు. మా అన్న పెళ్ళికాకుండానే వేటలో పోయాడు. అమ్మా నాన్నా లేరు. పుట్టింటి తలుపు తీసేవాళ్ళు లేరు."

"నేనున్నానుగా" అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో. జీపులో తిరిగి వస్తూ డాక్టరు గారికి చెబితే, మాట్లాడింది కదా, మంచిదే అన్నారు. వరస కలిపానని మాత్రం నేను ఆయనకు చెప్పలేదు.

రాగం

మరునాడు ఉదయం వెళ్ళాను. అరుగు మీద నాంచారమ్మ, నేను. పక్కింటి ఆడవాళ్ళు ఇద్దరు చేపలు తోముతున్నారు. తిరుపతమ్మ కుళాయి నుంచి నీళ్ళు మోస్తోంది. శ్రుతి పెట్టాను. నాంచారమ్మ గొంతులో సన్నగా ఊఁ అని ఒక శబ్దం మొదలైంది. శ్రుతి సరిగ్గా కలిసింది. ఆమె భుజం చుట్టూ చెయ్యి వేసి అన్నాను.

"రాగం తియ్యి వదినా."

సంగీతం వాళ్ళకి ఆ మాటకి ఒకటే అర్థం. శ్రుతి పట్టుకుని ఆలాపన చెయ్యమని. కానీ మా ఇంట్లోనూ, చిన్నప్పుడు నేను ఏడుస్తుంటే మా అమ్మ 'రాగాలు తియ్యకు' అనే కసిరేది. చావింట్లో ఆడవాళ్ళు మెడలు పట్టుకుని పోయినవాళ్ళ మీద కట్టి పాడే ఏడుపుని కూడా రాగం తియ్యడం అనే అంటారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలుగు పుట్టుక పుట్టిన ఎవరికైనా తెలుసు. ఆ క్షణాన నాకు సంగీతం టీచరు అర్థం ఒక్కటే తోచింది.

నాంచారమ్మ ఊఁ అనడం ఆపేసి నా మొహంలోకి చూసింది.

"తియ్యమంటావా వదినా?"

"తియ్యి. లోపల పెట్టుకోకు."

ఆమె వాకిట్లోకి చూసింది, మళ్ళీ నా వైపు తిరిగింది.

"నిజంగా తియ్యమంటావా?"

పేషెంటు అనుమతి అడుగుతోంది, నన్ను నమ్ముతోంది అనుకున్నాను. పుస్తకాల్లో ఇలాంటి ఘట్టం గురించి గొప్పగా రాసి ఉంటుంది. "తియ్యి వదినా" అని రెండోసారి కూడా అన్నాను.

రెండు చేతులతో నా మెడ పట్టుకుంది. గొంతెత్తింది.

నీళ్ళ మీద ఎళ్ళినోడా, నీడైనా పంపవా
వండిపెట్టిన కూడుకైనా వాకిట్లో నిలవవా
వదినొచ్చి అడిగింది, ఏం చెప్పను నా దొరా

మొదటి రెండు పాదాలకీ నేను స్వరాలు లెక్కపెట్టుకుంటున్నాను. ఐదే స్వరాలు, పైనుంచి కిందికి జారుతున్నాయి. ఎంత బాగుంది అనుకున్నాను కూడా. దాచడం దేనికి, ఇది రాస్తున్నదే అందుకు. మూడో పాదంలో నేను వినబడ్డాను. పుట్టింటి వదిన వచ్చి భుజం పట్టుకుని రాగం తియ్యమంది. ఆ ఊరివాళ్ళ లెక్కలో ఏం జరిగిందో నాకు అప్పటికి గానీ తెలియలేదు.

తిరుపతమ్మ బిందె దించేసింది. వాకిట్లోనే కూలబడింది. చేపలు తోముతున్న ఆడవాళ్ళు చేతులు కడుక్కుని, జుట్టు ముడులు విప్పుకుని వచ్చి మా చుట్టూ కూర్చున్నారు. ఒక్కొక్కరే గొంతు కలిపారు. నేను ఆపబోయాను. ఎవరిని ఆపను? తిరుపతమ్మ నా వైపు చూడకుండా అంది.

"పెళ్ళామే ఏడ్చేసింది. ఇంకేముంది."

ఆ సాయంత్రం పెద్దలు కూర్చున్నారు. ఏడ్చిన ఆ రోజు నుంచే లెక్కేసి పదో రోజున కర్మ చెయ్యాలని మాట్లాడుకుంటున్నారని ఏఎన్ఎమ్ చెప్పింది. నేను క్యాంపుకి వచ్చి ఫైల్లో రాశాను. 'గొంతు తిరిగి వచ్చింది. దుఃఖం బయటపడింది.' డాక్టరు గారు చదివి శభాష్ అన్నారు. ఆ మర్నాడే మేం బందరు వచ్చేశాం.

మడ చెట్టు

రాగం తీసిన మర్నాడు పొద్దున్నే, వెతికే పడవలు రెండూ వెతకడం మాని వేటకి వెళ్ళాయి. ఇది మాత్రం నాకు ఆరు రోజుల తర్వాత తెలిసింది.

ఏఎన్ఎమ్ ఫోన్ చేసింది. ఏడుకొండలు దొరికాడండీ అంది. పీతలు పట్టేవాళ్ళు మడ అడవిలో ఒక తిప్ప మీద చూశారట. అప్పటికి ప్రాణం లేదు. ఒక కొమ్మకి అతని లుంగీ కట్టి ఉందట, దూరానికి కనబడేట్టు. చెట్టు మొదట్లో సగానికి కోసిన ప్లాస్టిక్ సీసా, వాననీళ్ళు పట్టడానికి నిలబెట్టినట్టు ఉందట. చుట్టూ పీత డిప్పలు.

"ఎన్ని రోజులు బతికాడమ్మా?" అని అడిగాను.

"తెలియదండీ. డాక్టర్లు కూడా చెప్పలేమన్నారు."

రెండు రోజులు బతికి ఉండొచ్చు. తొమ్మిది రోజులు బతికి ఉండొచ్చు. నేను రాగం తియ్యమన్న రోజుకే పోయి ఉండొచ్చు కూడా. ఈ మూడో మాటని పట్టుకుని నేను చాలా ఏళ్ళు నిద్రపోయాను.

ఏఎన్ఎమ్ ఫోన్ పెట్టేసే ముందు ఇంకో సంగతి చెప్పింది. "ఎల్లుండి పదో రోజండీ. పుట్టింటి చీర మీరు తెస్తారని నాంచారమ్మ అంటోంది."

భర్త పోయిన ఆడపిల్లకి పదో రోజున గాజులు తీశాక పుట్టింటివాళ్ళు చీర పెడతారు. అన్న లేకపోతే వదిన పెడుతుంది. నేనున్నానుగా అన్నది నేనే.

డాక్టరు గారి గదికి వెళ్ళి మొత్తం చెప్పాను, వరస కలిపిన సంగతితో సహా. ఆయన పెన్నుకి మూత పెట్టేశారు.

"నువ్వు వెళ్ళకు" అన్నారు. "వెళ్తే తప్పు ఒప్పుకున్నట్టు. రేపు ఊరంతా ఆస్పత్రి మీద పడుతుంది. సముద్రం చేసినదానికి మనమేం చేస్తాం అమ్మా?"

ముందు చెప్పినప్పుడు ఆయన మాట నిజం. ఇప్పుడు చెప్పింది పిరికిమాట. కలపకు అనడం హద్దు. కలిపేశాక పారిపో అనడం హద్దు కాదు, దగా. అది నాకు ఆ గదిలోనే తెలుసు. అయినా ఆ మాట వినగానే నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. పెద్దాయన వద్దన్నారు కదా అనుకున్నాను. పదో రోజున నేను బందరులో మామూలుగా డ్యూటీ చేశాను.

ఆ ఏడాదే ఒక పెద్ద ఊళ్ళో మా వృత్తివాళ్ళ సభ జరిగింది. నాంచారమ్మ కేసు నేను చదివాను. పేరు మార్చాను. మౌనంలో ఉన్న స్త్రీ ఆరు రోజుల తర్వాత గొంతు విప్పింది అన్నంతవరకు చెప్పి ఆపాను. చప్పట్లు కొట్టారు. ఒక పెద్దావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని, మీకు సంస్కృతి మీద ఎంత పట్టుందండీ అంది. నేను థాంక్సండీ అన్నాను.

మీకు ఎవరైనా ఒక కేసు విజయం అని చెబితే, ఆ తర్వాత ఏమైంది అని అడగండి. ఆ మాట ఆ సభలో ఒక్కరు అడిగినా నేను అబద్ధం ఆడలేకపోయేదాన్ని.

ఆ తర్వాత ఇంకో పదకొండేళ్ళు పనిచేశాను. ఎవరింటికి వెళ్ళినా, ఈ ఇంట్లో ఎప్పుడు పాడకూడదు, ఏది పాడకూడదు అని ముందు అడిగేదాన్ని. పేషెంటుని అడిగితే చాలదు, ఆ ఇంటి ముసలివాళ్ళని అడగాలి. పిలిచిన వరసకి నవ్వేదాన్ని, పేరుతోనే పలికేదాన్ని. చీర ఇస్తే తీసుకుని వార్డులో ఎవరికో ఒకరికి వాళ్ళ ముందే కట్టబెట్టేదాన్ని. నన్ను ఎవరైనా ఒకే ప్రశ్న రెండుసార్లు అడిగితే శ్రుతి పెట్టె ఆపేసేదాన్ని. ఇవన్నీ మంచి అలవాట్లే. వీటి కోసం మరొకరు ఏం పోగొట్టుకున్నారో మీకిప్పుడు తెలుసు.

చీర

ఆ పదో రోజు గడిచిన ఏడు నెలలకి ఒక ఆదివారం, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఆ పల్లెకి వెళ్ళాను. చేతిలో కొత్తగా కొన్న పెడన చీర ఉంది.

నాంచారమ్మ ఒడ్డున ఎండుచేపలు తిరగేస్తోంది. పక్కన తిరుపతమ్మ కాకుల్ని తోలుతోంది. నన్ను చూసి నాంచారమ్మ లేచి చేతులు కొంగుకి తుడుచుకుంది. చేతులు బోసిగా ఉన్నాయి. మాట బాగానే వస్తోంది, గొంతు బాగానే ఉంది. నా ఫైల్లో రాసింది ఆ మేరకు నిజమే.

"కూర్చోండి" అంది. తాటాకు తడక కింద పీట వేసింది.

చీర ఇచ్చాను. క్యాంపులో దుప్పట్లు తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకుని పక్కన పెట్టింది. విప్పి చూడలేదు. నేను దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఒక్కసారిగా చెప్పేశాను. తప్పు చేశాను అన్నాను. ఆ మాటకి మీ దగ్గర ఏం అర్థమో ఆ క్షణాన నాకు తట్టలేదన్నాను. పదో రోజుకి రావలసింది, భయపడి రాలేదన్నాను. ఏడ్చాను కూడా. నాంచారమ్మ ఏడవలేదు. నేను ఆపేదాకా ఆగి, చేపల వైపు చూస్తూ అంది.

"నాకు తెలుసు, తియ్యకూడదని. అత్త మీకు ముందే చెప్పింది. అయినా పెద్ద చదువులు చదివిన మనిషి, మా వదిన, తియ్యమంటంది, ఆయన పోయాడని ఈవిడికి ఏదో కబురు తెలిసే ఉంటదిలే అనుకున్నా. అందుకే తియ్యమంటావా వదినా అని అడిగా."

ఒక చేపని తిరగేసింది.

"రెండుసార్లు అడిగా గదండీ."

అండీ అంది. డాక్టరు గారు మొదటి వారంలో నన్ను ఉంచుకోమన్న దూరం అదే. నాకు చేత కాలేదు, ఆమె పెట్టింది. నేను లేచి, వెళ్ళొస్తానండీ అన్నాను.